ఆర్డిస్ తిట్టిన పుస్తకం

ఆర్డిస్ నీమెలాకు నచ్చే నవల రాయగల మనిషి ఇంకా పుట్టలేదని ఊళ్ళో చెప్పుకునేవారు. అది అన్యాయం. ముప్ఫయ్యేళ్ళు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసి, జనం నోళ్ళు శుభ్రం చేసి రిటైరైన ఆవిడ ఏడాదికి నూటయాభై కొత్త నవలలు చదివేది. వాటిలో ఏడో ఎనిమిదో నచ్చేవి కూడా.

మిగతా వాటి గురించి మాత్రం ఆవిడకు గట్టి అభిప్రాయాలుండేవి. మాటలకు కొటేషన్ గుర్తులు పెట్టని రచయితకు పొగరెక్కువ. మొదటి పేజీలో తల్లి పోవడం, ఇల్లు సర్దడానికి కూతురు రావడం, అటక మీద పాత ఉత్తరాలు దొరకడం ఇక ఎవరూ రాయకూడదు. ఈ కాలపు నవలల్లో ఎవరికీ ఉద్యోగం ఉండదు. ఉన్నా, కాలేజీలో నవలలు రాయడం నేర్పే ఉద్యోగమే.

"ఇన్ని వందల పేజీల్లో ఇంతమంది కుమిలిపోతారు కదా, ఒక్కడికైనా పన్ను నొప్పి రాదేం?" అని అడిగేది. "నా కుర్చీలో కూర్చున్న మనుషులు వీళ్ళు కాదు."

అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊరికి ఒకటే పుస్తకాల షాపు. దాని యజమానురాలు టెస్ బ్రెవార్డ్ నలభై ఏళ్ళది, ఓపిక గలది. రోజూ వచ్చి కౌంటరు దగ్గర వాదన పెట్టుకునే ఆర్డిస్‌తో పడలేక ఒకరోజు ఆవిడ చేతిలో అట్టముక్కల కట్ట పెట్టింది.

"చదివిన పుస్తకం గురించి నాలుగు ముక్కలు రాసివ్వండి. అర కింద అంటిస్తాను. నాతో చెప్పేదేదో జనంతోనే చెప్పండి."

ఆర్డిస్ ముందు తనకు నచ్చినవాటి గురించి రాసింది, చాలా ఒద్దికగా. "నిదానంగా నడిచే నిజాయితీ గల నవల. తప్పక చదవండి." ఆ పుస్తకాలను ఎవరూ ముట్టుకోలేదు. తరవాత నచ్చనివాటి గురించి రాసింది. "ఇందులో ఒకామె నూట పన్నెండు పేజీలపాటు సరస్సును చూస్తూ ఏడుస్తుంది. నాకు సరస్సు మీద జాలేసింది." ఆ పుస్తకం వారం తిరక్కుండా అయిపోయింది. "ఈ రచయితకు రహస్యాలంటే ఇష్టం. కథ కూడా రహస్యంగానే ఉంచాడు" అన్నది ఇంకా తొందరగా అయిపోయింది.

ఆర్డిస్‌కి ఒళ్ళు మండిపోయింది. "వద్దన్నది కొంటారు, కొనమన్నది వదిలేస్తారు! వీళ్ళకి అసలు చదువెవరు చెప్పారే?"

"మీరు మెచ్చుకుంటే రోజూ పళ్ళు తోముకోమని చెప్పినట్టుంటుందండీ" అంది టెస్. "తిడితే పక్కింట్లో గొడవ వినబడ్డట్టుంటుంది. మీరైతే దేనికి చెవి ఒగ్గుతారు?"

ఆ శరత్కాలంలో షాపుకి ఒక పల్చటి నవల వచ్చింది. రాసినతను రూడీ కంగస్. పొరుగూరివాడు. నలభై ఏళ్ళు రోడ్డు మీద మంచు తోసే లారీ నడిపాడట. డెబ్భయ్యో ఏట మొదటి పుస్తకం. ఆర్డిస్ దాన్ని అనుమానంగానే తెరిచింది. ఓవెన్‌లో పెట్టిన మాంసం కూరిన పాస్టీ బొగ్గయిందని ఇల్లంతా పొగ కమ్మాక గానీ ఆవిడకు తెలియలేదు.

అందులో మనుషులకు ఉద్యోగాలున్నాయి. నడుం నొప్పులున్నాయి. మాట్లాడేటప్పుడు కొటేషన్ గుర్తులున్నాయి. లారీ డ్రైవరు భార్య బడి వంటింట్లో పనిచేస్తుంది. దవడ పన్ను సలుపుతున్నా శీతాకాలమంతా మొగుడికి చెప్పదు. చెబితే తనని పట్నం తీసుకెళ్ళడానికి అతను రోడ్డు వదిలి రావాలి, ఆ రోడ్డు మీద బడి బస్సు వెళ్ళాలి. ఆ పన్ను గురించిన నలభై పేజీలూ ఆర్డిస్ రెండుసార్లు చదివి, తన దవడ పట్టుకుని ఏడ్చింది.

మర్నాడే ఉన్న మంచిమాటలన్నీ పోగేసి అట్టముక్క రాసింది. మూడు వారాలైనా ఒక్క కాపీ కదల్లేదు.

"నెలాఖరుకి వెనక్కి పంపేస్తాను. ఏం చెయ్యను, నాకూ బాధగానే ఉంది" అంది టెస్.

ఆర్డిస్ ఆ అట్టముక్క పీకేసి, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని కొత్తది రాసింది. జన్మలో ఒక పుస్తకం గురించి అబద్ధం చెప్పని మనిషి. "ఒకడు మంచు తోస్తాడు. మళ్ళీ మంచు పడుతుంది. మళ్ళీ తోస్తాడు. మధ్యలో నలభై పేజీలు వాళ్ళావిడ పన్ను గురించి. ఈయన లారీ దిగకుండా ఉండాల్సింది."

టెస్ చదివి నోరు వెళ్ళబెట్టింది. "అమ్మ బాబోయ్! మీకు మనసెలా వచ్చిందండీ?"

"నోరు మూసుకుని అంటించు."

ఎనిమిది రోజుల్లో పుస్తకాలన్నీ అయిపోయి మళ్ళీ తెప్పించాల్సి వచ్చింది. రోడ్డు మీద జనం ఆర్డిస్‌ని ఆపి మరీ గడ్డి పెట్టసాగారు. పోస్టాఫీసు దగ్గర ఒకాయన, "మీరు తొందరపడ్డారమ్మా. ఆ పన్ను పన్ను కాదు, ప్రేమ. మళ్ళీ నెమ్మదిగా చదవండి, మీకే తెలుస్తుంది" అని పావుగంట పాఠం చెప్పాడు. ఆవిడ పళ్ళు బిగబట్టి "అలాగా?" అంది.

ఒక శనివారం మధ్యాహ్నం రూడీ కంగస్ సంతకాలు పెట్టడానికి షాపుకొచ్చాడు. భారీ మనిషి, గొంతు మాత్రం చిన్నది. టోపీ చేత్తో పట్టుకుని, చంకలో తన పుస్తకం ఒకటి పెట్టుకుని నిలబడ్డాడు. అతని కళ్ళు తిన్నగా ఆ అట్టముక్క మీదికే వెళ్ళాయి. తీసేయడం మర్చిపోయినందుకు టెస్ నాలిక కరుచుకుంది.

"ఇది రాసిన ఆర్డిస్‌గారు మీరేనా అమ్మా?"

"నేనేనండీ. కానీ అందులో ఒక్క మాటా నిజం కాదు" అని ఆర్డిస్ గబగబా మొత్తం చెప్పేసింది. టెస్ కూడా ఒట్టేసి అదే చెప్పింది.

రూడీ మెల్లగా నవ్వాడు. "నేను బాధపడతానని అంటున్నారు. మీది మంచి మనసు."

"నాది మంచి మనసేంటండీ! ఊళ్ళో ఎవర్నైనా అడగండి!"

"మెచ్చుకున్నవాళ్ళంతా నా చుట్టాలూ స్నేహితులేనమ్మా. మా మేనకోడలు ఈ అట్ట ఫోటో తీసి పంపినప్పుడే అనుకున్నాను, సరిగ్గా చదివింది ఈవిడొక్కతేనని. అది మా ఆవిడ పన్ను. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. కొంచెం ఎక్కువే రాసుకున్నాను." చంకలో పుస్తకం తీసి తెరిచి చూపించాడు. నలభై పేజీల మీదా పెన్సిలుతో అడ్డంగా గీతలు కొట్టి ఉన్నాయి. "రెండో ముద్రణలో తీసేస్తున్నాను."

ఆర్డిస్ ఆ గీతల మీద చెయ్యి అడ్డం పెట్టింది. బతిమాలింది. కోప్పడింది. ఆ పేజీల్లోని వాక్యాలు పొల్లు పోకుండా అప్పజెప్పింది. రూడీ ప్రతిదానికీ మర్యాదగా తలూపాడు. ఒక్కటీ నమ్మలేదు. పెద్దావిడ, పాపం, తనని ఓదార్చడానికి ఎంత శ్రమపడుతోందో అన్నట్టు చూశాడు.

చివరికి ఆవిడకు అసలు కోపం వచ్చింది.

"ఏదో ఒకటి తీసెయ్యాలనుంటే ఎనభై నాలుగో పేజీలో ఆ వాన తీసెయ్యండి! జనవరిలో మన దగ్గర ఎక్కడైనా వాన పడుతుందా? వాళ్ళావిడ గుమ్మంలో ఒంటరిగా నిలబడితే చాలదూ, పైనుంచి వాన కూడా కురవాలా? అది చదివి పుస్తకం గోడకేసి కొడదామనుకున్నాను!"

రూడీ కళ్ళజోడు పెట్టుకుని ఎనభై నాలుగో పేజీ తీసి చదువుకున్నాడు. మెడ దగ్గర్నుంచి ఎర్రబడ్డాడు.

"ఏడుపు రావాలని పెట్టాను" అన్నాడు.

"తెలుస్తూనే ఉంది."

"ఓదార్చేవాళ్ళు ఇలా తిట్టరు కదా" అన్నాడతను. జేబులోంచి రబ్బరు తీసి, పక్కనున్న పుస్తకాల దొంతర మీద తన పుస్తకం పెట్టుకుని, నలభై పేజీల గీతల్లో మొదటిదాన్ని నెమ్మదిగా చెరపడం మొదలుపెట్టాడు.

"ఇంకేమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగాడు తలెత్తకుండానే.

"ఉన్నాయి. కూర్చోండి" అంది ఆర్డిస్.