దిబ్బ మీద మనిషి

బస్సు దిగి ఇసుకలో కాలు పెట్టగానే ఆ తల్లికి నచ్చనిది అక్కడి బోసితనం. ఊరికింత దగ్గర్లో సముద్రం ఉంటే జనం విరగబడాలి కదా. షికారుకొచ్చిన నరమానవుడు లేడు. మొగుడు ఆవిడకి పెట్టిన పేరు భయాలమ్మ. కుక్కర్ కూత కాస్త ఆలస్యమైతే చాలు, పేలిపోతుందని పిల్లల్ని వీధిలోకి తోలే మనిషి మరి.

"ఎవరూ లేరేమే?"

"పనిరోజు కదమ్మా."

"పనిరోజైతే మాత్రం, పనిలేనివాళ్ళంతా ఎక్కడికి పోయారు?"

కూతురు నవ్వేసింది. ఆ దగ్గర్లోని కంటి ఆసుపత్రిలో ఆమెకు కొత్తగా నర్సు ఉద్యోగం వచ్చింది. తెల్లవారకముందే డ్యూటీ ఎక్కాలి. ఆ వేళకి వాళ్ళ ఇంటి దగ్గర బస్సుండదు. ఒడ్డునే ఉన్న జాలర్ల పేటలో గది దొరికితే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే లేదు. పిల్ల గది చూసింది, నచ్చింది. ఇక అమ్మ ఊ అనాలి. అమ్మ బయల్దేరింది ఊ అనడానికి కాదు, వంక వెతకడానికి.

వంకలకేం, అడుగడుగునా దొరుకుతున్నాయి. వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్ళు ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నారు. ఎందుకు దించుకున్నట్టు? అలల అవతల ఒక పడవ మేకు కొట్టినట్టు నిలబడి ఉంది. చేపలు పట్టే పడవైతే కదలొద్దూ?

"ఇక్కడ కూర్చో, ఇంటావిడని పిలుచుకొస్తా" అని కూతురు నీళ్ళ అంచు వెంబడే నడిచి వెళ్ళింది.

అప్పుడు కనబడ్డాడు వాడు. ఇసుక దిబ్బ మీద ఒంటరిగా, నెరిసిన గడ్డం, చేతిలో తువ్వాలు. పిల్ల వెళ్తున్న వైపే రెప్ప వేయకుండా చూస్తున్నాడు. చూసి చూసి తువ్వాలెత్తి కుడివైపుకి ఊపాడు. ఆగాడు. మళ్ళీ ఊపాడు. పిల్ల నడుస్తున్నదీ అటే.

తల్లి చటుక్కున లేచింది. ఎవరికో సైగ చేస్తున్నాడు. ముందు ఎవరో కాచుకుని ఉన్నారు. పేరు పెట్టి అరిచింది, అలల హోరులో గొంతు కలిసిపోయింది. పక్కనున్న ఇంకో దిబ్బ మీదికి పడుతూ లేస్తూ ఎక్కింది. చలిగాలి కొడుతుందని కప్పుకొచ్చిన ఎర్ర శాలువా లాగి, రెండు చేతులా ఎడమవైపుకి ఊపింది. ఇటు రా, ఇటు రా తల్లీ, ఇటు.

కూతురు చూడలేదు. పడవ చూసింది.

అంతసేపూ కదలనిది గిరుక్కున తిరిగి ఎడమకి దూసుకుపోయింది. లోపలి మనుషులు గబగబా వల జారవిడిచారు. తువ్వాలు మనిషి తల పట్టుకుని దిబ్బ మీదే కూలబడ్డాడు. ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఈసారి ఒక్కరూ తల దించుకోలేదు.

వల ఒడ్డుకి లాగితే నాచు వచ్చింది, దానిలో ఇరుక్కుని నాలుగు పీతలు వచ్చాయి. ఈలోగా కూతురూ, ఆ వెనకే గది ఇచ్చే ఇంటావిడా పరిగెత్తుకొచ్చారు.

"ఎవరమ్మా నువ్వు? అవతలి పేటవాళ్ళు పంపారా?" ఇంటావిడ నడుం మీద చేతులు వేసుకుని అడిగింది. "పోయినసారి గొడుగు ఊపించారు. ఈసారి శాలువానా?"

"నన్నెవరు పంపుతారు? నేనే వచ్చాను."

"ఊరికే వచ్చినవాళ్ళు దిబ్బెక్కి గుడ్డలు ఊపుతారా? చూడండే, శాలువా ఇంకా చేతిలోనే ఉంది."

తల్లి శాలువా వెనక్కి దాచుకుంది. అది చూసి వాళ్ళ అనుమానం మరింత బలపడింది.

"పిన్నిగారూ, మా అమ్మండీ" అంది కూతురు, వినబడీ వినబడనట్టు.

"మీ అమ్మా? దిబ్బ మీదున్నది మా ఆయన. చేపల గుంపు కదిలితే అక్కడ నీళ్ళు నల్లబడతాయి. ఎటు పోతోందో ఆయన గుడ్డతో చూపిస్తే పడవవాళ్ళు అటు వల వేస్తారు. పొద్దుటి నుంచీ కాచుకున్న గుంపు. మీ అమ్మ పుణ్యమా అని చెయ్యి జారిపోయింది." పిల్లని ఎగాదిగా చూసింది. "గది సంగతి నేను మళ్ళీ ఆలోచించుకోవాలమ్మా. అసలు నీ కోసం ఎవరెవరు వస్తారు? రాత్రి ఏ వేళకి ఇల్లు చేరతావు?"

ఆ ప్రశ్నలే ఇంటావిడని నిలదీసి అడగాలని తల్లి దారి పొడుగునా పేర్చుకుంది. కూతురి మొహం చూసింది. పిల్ల ఇసుకలోకి చూస్తూ నిలబడింది. గది పోతే ఉద్యోగమూ పోయినట్టే.

"దాని కోసం ఎవరూ రారు. అది బంగారం. తప్పు నాదమ్మా" అంది తల్లి. "మీ ఆయన నా పిల్లని చూసి ఎవరికో సైగ చేస్తున్నాడనుకున్నాను."

ఇంటావిడ పెదవి బిగబట్టింది కానీ నవ్వు ఆగలేదు.

"మా ఆయనా? నేను కొత్త బట్టలు కట్టుకుని ఎదురుగా నిలబడితే, పక్కకి జరుగు, నీళ్ళు కనబడటం లేదంటాడు."

ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. దిబ్బ దిగొచ్చిన పెద్దమనిషి మొహం మాడ్చుకుని, "నవ్వండి. ఆ గుంపు కూడా ఇలాగే నవ్వుకుంటూ పోయింది" అన్నాడు.

"గది మాత్రం కాదనకండి. నేనొచ్చినా గడప దాటను" అని బతిమాలింది తల్లి. అన్నాక తనేం అందో తనకే వింతగా తోచింది.

"ఇలాంటి అమ్మ కాపలా ఉండగా ఈ పిల్లకి ఇంకేం భయం? రేపే సామాన్లు తెచ్చుకోండి" అంది ఇంటావిడ.

తిరుగు బస్సులో కూతురు తల్లి భుజం మీద తల వాల్చింది. తల్లి మాత్రం బిగుసుకుని కూర్చుంది.

"మళ్ళీ ఏమయిందమ్మా?"

"అంత కోపం మీదున్న మనిషి అంత తేలిగ్గా ఒప్పుకుందేమిటే? ఆ గదిలో ఇంతకుముందున్న పిల్ల ఎందుకు ఖాళీ చేసిందో అడిగావా?"

"పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిందట."

తల్లి చప్పున ఇటు తిరిగింది.

"ఎవర్ని?"