ఎడమవైపు తొట్టె

"చెత్త మాగబెట్టడంలో ఉన్న శ్రద్ధ కడుపు మీద ఉంటే ఈపాటికి నాకు మనవడుండేవాడు" అని జ్ఞానప్రసూనాంబగారు గోడవైపు తిరిగి అన్నారే గానీ, ఆ మాట పెరట్లో తొట్టెల ముందు కూర్చున్న కోడలు ఇందుమతి కోసమే.

ఇందుమతి ఎండుటాకులు పరుస్తూనే ఉంది. తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయల కొట్టున్న ఆ ఇంట్లో తిన్న కంచం ఎవరూ తియ్యరు. తొక్కలూ, కాఫీ పిప్పీ, పూజలో వాడిన పూలూ అన్నీ ఆమె చేతి మీదుగానే రెండు సిమెంటు తొట్టెల్లోకి చేరాలి. ఒక పొర తడిచెత్త, ఒక పొర ఎండుటాకులు. నల్లజర్ల నర్సరీ నుంచి తెచ్చి వదిలిన వానపాములు మిగతా పని చూసుకుంటాయి. నల్లటి ఎరువు వేళ్ళ సందుల్లోంచి పొడిపొడిగా రాలుతుంటే ఎంత తృప్తిగా ఉండేదో! ఆమె చేసిన చాకిరీలో సాయంత్రానికి మాయమైపోనిది అదొక్కటే.

ఇప్పుడామెకి మూడో నెల. పెద్దది మనోజ్ఞ బడికి వెళ్తోంది. దాని తర్వాత నిలిచిన కడుపు అయిదో నెలలో పోయింది. మగపిల్లాడు. "బంగారంలాంటి మందు ఇప్పించినా నీ ఒంట్లో నిలవలేదు" అని అత్తగారూ, "నీ ఒళ్ళే అంత" అని భర్త భానుప్రకాషూ తేల్చేశారు. పాపం, ఆమె కూడా నమ్మింది. ఏలూరు ఆస్పత్రిలో నర్సు, నాటుమందులేమైనా వాడావా అమ్మా అని అడిగితే, ఇందుమతి నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుని, మా ఇంట అలాంటివి లేవండీ అనేశారు.

ఈసారీ జంగారెడ్డిగూడెం అవతల నుంచి అదే మందు పొడి వచ్చింది. మగబిడ్డ కోసమట. కోడెదూడని ఈనిన ఆవు పాలలో కలిపి, పొద్దు పొడవకముందే తూర్పు తిరిగి తాగాలి. ఈసారి వేవిళ్ళు. వాసనకే కడుపులో తిప్పేసేది. దేవుడి దగ్గర పెట్టిన మందు సింకులో పొయ్యకూడదని, ఎవరూ తొక్కని చోటే పొయ్యాలని అత్తగారే నేర్పారు. అందుకని మొదటిరోజు నుంచీ గ్లాసు తీసుకుని పెరట్లోకొచ్చి ఎడమవైపు తొట్టెలో పోస్తోంది.

ఇవాళ ఆ తొట్టెలో చెయ్యి పెట్టేసరికి, మాగే చెత్తకుండే వెచ్చదనం లేకుండా చల్లగా తగిలింది. ఎప్పుడో వేసిన బీరకాయ తొక్కలు వేసినట్టే ఉన్నాయి. అడుగున వానపాములు ఎండిన దారప్పోగుల్లా పడున్నాయి. గబగబా కుడివైపుది తవ్వింది. మనోజ్ఞ వదిలేసిన పాలు రోజూ పోసేది అందులోనే. అక్కడ గుప్పెడు మట్టి తీస్తే గుప్పెడూ కదిలింది.

రెండిటికీ ఒకే వంటింటి చెత్త. ఆ పొడి ఒక్కటే తేడా. ఇందుమతి మట్టిచేతినే పొట్ట మీద పెట్టుకుంది.

మర్నాడు తెల్లవారుజామున అత్తగారు గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడ్డారు.

"ఇవాళ నా కళ్ళముందు తాగు."

"ఏం పోయింది ఇందూ, పాలేగా. కళ్ళు మూసుకుని తాగెయ్" అన్నాడు భానుప్రకాష్, నోట్లో బ్రష్షు తియ్యకుండానే.

ఇందుమతి గ్లాసు అందుకుని పెరట్లోకి నడిచింది. వాళ్ళిద్దరూ వెనకే వచ్చారు. తొట్టెల మీద గోనెపట్టాలు తీసి, రెండిట్లోంచీ చెరో గుప్పెడు మట్టి గట్టు మీద పోసింది. ఒకటి కదులుతోంది. ఒకటి కదలట్లేదు. ఇన్నాళ్ళూ మందు దేంట్లో పోసిందో చెప్పి, చేతిలో గ్లాసూ అందులోనే ఒంపేసింది. కాస్త పొడి పొట్లం కట్టుకున్నాననీ, మొదటి బస్సుకి మనోజ్ఞని తీసుకుని ఏలూరు వెళ్తున్నాననీ, ఈసారి నర్సుకి జవాబు తనే చెప్తాననీ అంది.

భానుప్రకాష్ చిరాగ్గా నురగ ఊసి అన్నాడు.

"పురుగులు చస్తే మందుదా తప్పు? పోయినసారీ ఇదేగా, నువ్వు తాగలేదూ?"

"తాగానండీ" అంది ఇందుమతి. "ఒక్క చుక్క పారబొయ్యకుండా, అంతా తాగాను."