కథ మొదలెట్టిన వారం

గురువారం సాయంత్రం బడి నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, నోట్‌బుక్ తీసి, పెన్ను మూత తీశాను. అప్పుడు ఫ్రిజ్‌లోంచి వెన్న బయట పెట్టలేదని గుర్తొచ్చి లేచాను. వెన్న మెత్తబడేలోపు బెల్లం తురిమేస్తే ఓ పనైపోతుంది కదా అనిపించింది. బెల్లం తురిమాక మైదా జల్లించకుండా ఎలా ఊరుకుంటాం? ఏడు గంటలకి ఒవెన్‌లో బెల్లం కేకు పొంగుతోంది, నోట్‌బుక్‌లో పేజీ ఖాళీగా ఉంది. నాకు కేకు తినాలని లేదు, ఇంట్లో ఎవరూ అడగనూ లేదు. శనివారం సాయంత్రానికి ఒక కథ పంపాలి, అంతే.

ఆదివారం సంచికకి రెండుసార్లు మాటిచ్చి తప్పాను. "ఈసారి కూడా రాకపోతే ఇక అడగనమ్మా" అన్నారు ఎడిటర్ గారు, మర్యాదగానే. నిజానికి కథ దాదాపు అయిపోయింది. అందులో చిన్నతల్లి అనే ఆవిడ ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఇంటిల్లిపాదికీ వడ్డించి, అందరూ లేచాక గిన్నెల్లో మిగిలింది చూసుకుని తినే మనిషి. చివరి పేజీలో ఆవిడ కంచం తెచ్చుకుని మొగుడి పక్కన కూర్చుని "నాకూ వడ్డించండి" అనాలి. ఆ ఒక్క మాట రాయలేక ఎనిమిది నెలలుగా ఆవిడని కంచం పట్టుకుని అలాగే నిలబెట్టేశాను. ఎందుకంటే అది అచ్చయితే మావారు శామ్సన్ చదువుతారు. చదివి కోప్పడరు, ఆయన కోప్పడే మనిషి కాదు. "నేనెప్పుడైనా వద్దన్నానేటి?" అంటారు. నిజమే, వద్దనలేదు. పెళ్ళయిన ఈ పదహారేళ్ళలో నేను అడగలేదు, ఆయనకి తోచలేదు. దానికేం జవాబు చెప్పాలో తెలియదు గనక మైదా జల్లిస్తాను.

కేకుతో ఏ గొడవా లేదు. పొంగితే మెచ్చుకుంటారు, పొంగకపోతే పాలల్లో ముంచుకు తింటారు. "ఇది మన గురించేనా" అని కేకుని ఎవరూ అడగరు. నా మొదటి కథ అచ్చయినప్పుడు మా అత్తగారు మేరీ రెండుసార్లు చదివించుకుని, "ఇందులో ముసల్ది నేనేనేటి?" అని వారం రోజులు అడిగారు. శామ్సన్ మాత్రం సంతోషించి నాకు ఒవెన్ కొన్నారు. రాసుకోవడానికి చిన్న బల్ల ఉంటే బాగుండునని అంతకుముందే ఓసారి అన్నాను. బల్ల కూడా కొన్నారు, ఒవెన్ పెట్టడానికి. నాకప్పుడు ముచ్చటే వేసింది. నా తెలివి అలా ఏడిసింది.

బడిలోనూ అంతే. కె.కోటపాడులో ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. కొత్తవాళ్ళెవరొచ్చినా మా హెడ్మాస్టరు సత్యారావు గారు, "జూడీ మేడమ్ కేకులు సూపరండి. కథలూ అవీ కూడా రాస్తారు" అని పరిచయం చేస్తారు. నేను నవ్వుతాను. ఆయన పుట్టినరోజుకి రెండు కిలోల కేకు ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళింది కూడా నేనే.

శుక్రవారం సాయంత్రం గులాబీ పువ్వులు వండటం మొదలుపెట్టాను. అచ్చు నూనెలో కాగాలి, పిండిలో సగమే ముంచాలి, మనసు ఇంకెక్కడికీ పోకూడదు. అందుకే నాకవి ఇష్టం. ముందు గదిలో శామ్సన్ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నారు.

"రేపు సాయంత్రం వచ్చీరా, ఉదయ్‌నీ తీసుకొచ్చీ. మీ వదిన మళ్ళీ కథ మొదలెట్టింది. ఈ వారమంతా మనకి పండగే."

అచ్చు నూనెలోనే ఉండిపోయింది. అత్తగారు నవ్వుతూ అందుకున్నారు. "సర్చిలో స్త్రీల కూడిక్కాడ పాస్టరమ్మ గారూ అదే అడిగేరొరే. మీ కోడలు మళ్ళీ కథెప్పుడు మొదలెడతాదీ, ఆ పైనాపిల్ కేకు మరిసిపోలేదూ అని."

నా బలహీనత నాకొక్కదానికే తెలుసనుకున్నాను. అందరికీ తెలుసు. తెలియడమే కాదు, వాళ్ళకది సుఖంగా ఉంది. ఆ పైనాపిల్ కేకు, మా అమ్మ చివరి రోజుల గురించి నేను రాయాల్సిన కథ. కొబ్బరి బిస్కెట్లు, బడి మానేసిన మా క్లాసు పిల్ల కథ. లెక్కేస్తే పదకొండు తేలాయి. చర్చి పక్క వీధి దాకా అందరూ తిన్నారు, ఒక్కరూ చదవలేదు. సిగ్గేసింది. ఆ తర్వాత చాలా కోపం వచ్చింది. ముందు వాళ్ళ మీద, ఆ పైన నా మీద. స్టవ్ కట్టేసి నల్లగా మాడిన పువ్వుని చెత్తబుట్టలో వేశాను.

"ఏటలా ఉన్నావు?" అన్నారు శామ్సన్ వంటింట్లోకొచ్చి.

"మీరన్నది విన్నాను."

"తప్పేటన్నాను? మెచ్చుకున్నాను కదా."

"మెచ్చుకున్నారు," అన్నాను.

మర్నాడు రెండో శనివారం, బడి లేదు. పొద్దున్నే మధ్యాహ్నానికి సరిపడా అన్నం, పప్పు వండేసి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. "పొయ్యి మీదేటీ లేదేటి జూడీ?" అని అత్తగారు రెండుసార్లు తొంగి చూసి వెళ్ళారు. లేదన్నాను. వెన్న తీసి బయట పెట్టాలని చెయ్యి లాగింది. లేవలేదు. వద్దన్నానా అని ఆయన అడిగితే అడగనీ. ఆ ప్రశ్న ఆయనది. దానికి జవాబు ఆయనే ఆలోచించుకుంటారు, చదువుకున్న మనిషే కదా. చిన్నతల్లి చేత "నాకూ వడ్డించండి" అనిపించాను. ఆ మొగుడు లేచాడు. లేచాడు గానీ వాడికి గరిటె ఎక్కడుంటుందో తెలియదు. నేను చెప్పలేదు, చిన్నతల్లి చేతా చెప్పించలేదు. ఒక పేజీ అంతా వాణ్ణి వెతుక్కోనిచ్చాను. రాస్తూ రాస్తూ నాకే నవ్వొచ్చింది, ఎన్నాళ్ళయిందో అలా నవ్వి. నాలుగింటికి పేజీలన్నీ ఫోన్లో ఫొటోలు తీసి ఎడిటర్ గారికి పంపించేశాను.

అయిదున్నరకి శామ్సన్ స్నేహితులు వచ్చారు. కుర్చీలు జరిగాయి, ఫ్యాను తిరిగింది, ఉదయ్‌కుమార్ "వదినా, పొద్దున్నుంచీ కడుపు మాడ్సుకుని వచ్చేం" అని కేకేశాడు. శామ్సన్ వంటింటి గుమ్మంలోకొచ్చి ఒవెన్ వైపు చూశారు. స్టవ్ వైపు చూశారు.

"ఏటి, ఈవేళ వాసనేటీ రాటం లేదు? ఏటి చేసేవు?"

"కథ పూర్తి చేసేనండి," అన్నాను. "ఇంట్లో తినడానికేటీ లేదు."