కొడితే మాట వినే కంప్యూటర్

ఆ తేదీ ఆమెకు ఇప్పటికీ గుర్తే. జూన్ పద్దెనిమిది. ఆ ఉదయం తిన్నది నిన్నటి రొట్టె, ఉడికించిన గుడ్డు. ఎడమ దవడతో నొప్పి లేకుండా నమిలిన ఆఖరి తిండి అది.

ఆమెది టైపింగ్ సెంటర్. అలాంటిది మీ వీధిలోనూ ఒకటి ఉండే ఉంటుంది. ముందు గదిలో కంప్యూటర్, ప్రింటర్, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. వెనక గదిలో కాపురం. పని చేసేది భార్య, పెత్తనం చేసేది భర్త.

కంప్యూటర్ రెండో ఏటనే మొరాయించడం మొదలుపెట్టింది. తెర నల్లబడగానే భర్త వచ్చి సీపీయూ ఎడమ పక్కన అరచేత్తో రెండు చరిచేవాడు. తెర వెలిగేది. అర్జీలు రాయించుకోవడానికి వచ్చినవాళ్లు నవ్వి, మీ ఆయన చేతిలో మహత్తుందమ్మా అనేవారు. అదే చెయ్యి ఆమె చెంప మీద ఎన్నిసార్లు పడేదో గోడ అవతలివారికి తెలుసు. తెలిసి, టీవీ సౌండు పెంచుకునేవారు.

వారంటీ ఇంకా రెండు నెలలుందనగా అది పూర్తిగా ఆగిపోయింది. కంపెనీ కొత్తది ఇచ్చి తీరుతుందని భర్త ధీమా. ఫారం నింపమని ఆమెకు పడేశాడు. సీపీయూ మీద సొట్టలుంటే ఎలా పడ్డాయో రాయమని అందులో ఒక గడి ఉంది. ఆమె ‘చేత్తో కొట్టడం వల్ల’ అని రాసి సంతకం పెట్టింది.

దెబ్బలు తగిలి పాడైన యంత్రానికి వారంటీ వర్తించదని జూన్ పద్దెనిమిది మధ్యాహ్నం జవాబు వచ్చింది. దానికి ఆమె నింపిన ఫారం నకలు జతచేసి ఉంది.

భర్త రెండూ చదివాడు. “నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశావు కదే” అన్నాడు, గొంతు పెంచకుండానే. కీబోర్డు లాగి దానితోనే ఆమె ముఖం మీద కొట్టాడు. మీటలు ఊడి గదంతా చెల్లాచెదురయ్యాయి. కిందపడిన మనిషిని జుట్టు పట్టి లేపి, గోడకు అదిమి, ఎడమ చెవి మీద అరచేత్తో చరిచాడు. ఒకటి. రెండు. లోపల ఏదో పటుక్కుమంది. ఆ తర్వాత అతని తిట్లు ఆమెకు ఒక పక్కనుంచే వినిపించాయి. ఏడేళ్ల కూతురు టేబుల్ కింద నుంచి అంతా చూసింది.

దవడ చిట్లిందనీ, చెవిపొర చిరిగిందనీ ఆసుపత్రిలో చెప్పారు. స్నానాల గదిలో జారిపడ్డానని ఆమె రాయించింది.

పని ఆగితే పొయ్యి వెలగదు. తొమ్మిదో రోజున ముఖానికి కట్టుతోనే, కూతురిని వెంటబెట్టుకుని కంప్యూటర్‌ను మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లింది. అరవై దాటిన ఆ పెద్దాయన ఏమీ అడగకుండా తన కుర్చీ ఆమెకిచ్చి, ఫ్యాను అటు తిప్పాడు. వారంటీ వర్తించదని కంపెనీ అన్న సంగతి ఆమె చెబితే విని, స్విచ్చి వేశాడు. తెర వెలగలేదు.

కూతురు ముందుకొచ్చి సీపీయూ ఎడమ పక్కన రెండు చరిచింది. “ఇలా కొట్టాలి తాతా. కొడితే మాట వింటుంది. అమ్మ కూడా అంతే.”

పెద్దాయన మూత విప్పి చాలాసేపు లోపలికి చూశాడు. ర్యామ్ అనే చిన్న పట్టీ వదులైందనీ, మొదట్లోనే తుడిచి బిగించి ఉంటే అయిదు నిమిషాల్లో అయిపోయేదనీ చెప్పాడు. కొట్టినప్పుడల్లా అది కదిలి తాత్కాలికంగా అతుక్కునేది. ఆ దెబ్బలకే హార్డ్ డిస్క్ చచ్చింది, బోర్డు చిట్లింది.

“ఇక దీనికి రిపేరు దండగ తల్లీ. పెట్టిన ఖర్చు చూసి జాలిపడితే, పెట్టబోయేదీ పోతుంది. సొట్టల సంగతి కంపెనీకి ఏం రాశావు?”

“ఉన్నదే రాశాను బాబాయిగారూ.”

“మరి ఆసుపత్రిలో?”

ఆమె జవాబు చెప్పేలోగా భర్త లోపలికి దూసుకొచ్చాడు. తనకు చెప్పకుండా గడప దాటిందని ఆమె జడ పట్టి కుర్చీలోంచి ఈడ్చాడు. అడ్డం వచ్చిన పెద్దాయన నుదుటిని బల్ల మీది ఇనుప మూతతో బద్దలు కొట్టాడు. మళ్లీ ఆమె మీదికి చెయ్యెత్తాడు. పక్క దుకాణాలవాళ్లు పరుగున వచ్చి అతన్ని నేలకు అదిమిపట్టారు.

పెద్దాయన నెత్తురు తుడుచుకుంటూ చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినిపించేలా అన్నాడు: “దెబ్బకు లొంగినట్టు కనిపించేదేదీ బాగుపడినట్టు కాదు. కొట్టినవాడిదే తప్పని యంత్రం అమ్ముకునే కంపెనీకి తెలిసింది. మన వీధికే ఇన్నాళ్లూ తెలియలేదు.”

ఆ సాయంత్రం ఆమె పోలీసుల ముందు తన చేత్తోనే ఫిర్యాదు రాసింది. ఆసుపత్రికి వెళ్లి, జారిపడలేదని చెప్పి అక్కడ రాయించింది మార్పించింది. చీకటి పడ్డాక కూతురితో అక్క ఇంటికి చేరింది. సర్దుకుపోవే అని ఏళ్లుగా చెబుతూ వచ్చిన ఆ అక్క చెల్లెలి కట్టు చూసి, చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్లింది. అన్నం మెత్తగా పిసికి ఒక్కో ముద్దా కుడి బుగ్గన పెట్టింది. పిల్లను పడుకోబెట్టి, తన దుప్పటి కప్పింది. తర్వాత లేచి వెళ్లి, చప్పుడు కాకుండా వీధి తలుపు మూసింది.