జాజు గీత

"హో... బా" అంటూ ఉరుకుందు చెక్కను ముందుకు తోశాడు. తొట్టిలో అల లేచి, అవతలి కొసన ఇసుకతో కట్టిన చిన్న కట్టకు కొట్టుకొని విరిగింది. చెక్కను వెనక్కి లాగాడు, మళ్లీ తోశాడు. వయసులో ఉన్నప్పుడు కపిల తోలినవాడు. నీళ్లు తోడడానికి బావి దగ్గర ఎద్దులను ముందుకూ వెనక్కూ నడిపిన ఆ లయే చేతుల్లో మిగిలింది.

"ఎద్దులు యాడప్పా?" అని ఓవర్సియరు బసవరాజు ఎప్పటిలాగే ఆటపట్టించాడు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. తుంగభద్ర ఒడ్డున రేకుల షెడ్డులో ఉండేది ఆ ఇటుకల తొట్టి. తెగిన చెరువుకట్టను ఎంత వాలుగా కడితే అలలకు నిలుస్తుందో ముందు ఇందులో చిన్నగా కట్టి చూసేవాళ్లు. ఇసుకవాలు మీద జాజు కలిపిన ఇసుకతో ఎర్రటి గీత పోసేవాళ్లు. సాయంత్రానికి గీత చెదరకపోతే వాలు నిలిచినట్టు.

ఈ రోజు చూస్తున్నది ఉరుకుందు ఊరి చెరువుకట్ట. ఒక గాలివాన రాత్రి అది తెగి, కింది గుడిసెలో పడుకున్న అతని కూతురు గంగక్క నీళ్లలో పోయింది. పెద్ద ఇంజనీరు సాయంత్రం చూసి ఒప్పుకుంటే వానలకు ముందే పని మొదలవుతుంది. లేకపోతే ఏడాది ఆగాలి.

ఉరుకుందు ఎముకల గూడులాంటి మనిషి. అరచేతులు పగిలితే భార్య భీమమ్మ తన పాతచీర చింపి చెక్క పిడికి చుట్టింది. కొన్నాళ్లుగా రొమ్ములో నొప్పి. చెబితే ఈ పని ఇంకొకరికి పోతుందని ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం భీమమ్మ సంగటి తెచ్చింది. మొగుడు చేతులు కడుక్కుంటుంటే తొట్టిలోకి వంగి చూసింది. ఏటా చెరువు నిండినప్పుడు కట్టకు కుంకుమ పెట్టే మనిషి ఆమె. ఇదీ గంగమ్మ తల్లికి పెట్టిన కుంకుమే అనుకుని, చిటికెడు తీసి నొసట పెట్టుకుంది.

బసవరాజు పరుగున వచ్చాడు. గీత మధ్యలో వేలెడు ఖాళీ.

"ఎంత పని చేస్తివమ్మా. అల కోసిందో, నువ్వు తీసినావో, పెద్దసారుకు ఏమని చెప్పేది?"

భీమమ్మ బిక్కచచ్చిపోయింది. ఉరుకుందు తడిచేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"గీత మళ్లా పోయండి సార్. మొదట్నుంచి తోస్తా."

"రేపు చూద్దాంలేప్పా. నీ మొగం ఎట్లుండాదో చూడు."

"రేపు ఆ సారు యాడుంటాడో. ఈపొద్దే అయిపోవల్ల."

సంగటి ముట్టకుండానే లేచాడు. మెల్లగా తోస్తే గీత సులువుగా నిలుస్తుందని అతనికీ తెలుసు. కానీ కట్ట తెగిన ఆ రాత్రి గాలి మెల్లగా వీచలేదు. ఉత్తుత్తి కట్టను నిలబెట్టి, దాని కింద మరొకరి బిడ్డను పడుకోబెట్టడానికి మనసు రాలేదు. పొద్దున తోసినంత బలంగానే తోశాడు. "హో... బా" సన్నగిల్లి, చివరికి పెదవుల కదలికే మిగిలింది.

పొద్దు వాలే వేళకు పెద్ద ఇంజనీరు వచ్చి వంగి చూశాడు. గీత చెదరలేదు. "ఇదే వాలున కట్టండి" అని వెళ్లిపోయాడు.

ఉరుకుందు తొట్టిగోడకు ఆనుకొని కూర్చున్నాడు.

"నిలిచిందా?"

"నిలిచింది. ఇంగ రోంత తిను," అంది భీమమ్మ.

అతను తలాడించాడు. ఆమె సంగటి తుంచి నోటి దగ్గర పెట్టేసరికి కళ్లు తెరిచే ఉన్నాయి, ఊపిరి లేదు.

"గీత చెరిపిన నా చెయ్యే చేసింది," అని ఆమె అంటూనే ఉంది. నొసటి జాజు చెమటకు కారింది. బసవరాజు వంగి అతని కళ్లు మూశాడు.

అతన్ని మోసుకుపోయాక తొట్టిలో నీళ్లు తేరుకున్నాయి. చెక్క ఒక పక్కకు ఒరిగి ఉంది. పిడికి చుట్టిన చీరపేలిక మీద అతని పట్టు అచ్చుపడి, ఇంకా తడిగానే ఉంది.