పావు మీటరు వదులు

మా ఆయన నలభై ఏళ్లు టైలరింగ్ చేసి, షాపు తమ్ముడికి అప్పజెప్పి, పాత మోటార్‌హోమ్ ఒకటి కొన్నారు. పొయ్యి, పడక, నీళ్ల ట్యాంకు అన్నీ అందులోనే. మొదటి వారమే ఫోన్ మ్యాపును నమ్మి ఓ సందులో దూరాం. వెనక్కి రావడానికి గంట పట్టింది, తల ప్రాణం తోకకొచ్చింది.

"ఫోనుకి మీది కారో ఇల్లో తెలీదమ్మా. దీనికి బండి ఎత్తూ వెడల్పూ చెప్పారంటే పట్టే దారే చూపిస్తుంది" అని బండి సామాన్ల షాపతను పెద్ద బండ్లకు దారి చూపే నావిగేషన్ మిషన్ ఒకటి చేతిలో పెట్టాడు. కొలతలు మా ఆయనే తీసి అందులో కొట్టారు. కొలతల్లో ఆయన తర్వాతే ఎవరైనా, నేను వేలు పెట్టలేదు.

ఆ రోజు మా అక్కకు గుండె ఆపరేషన్. పదకొండింటికి లోపలికి తీసుకెళ్తారు. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. దేనికీ జంకని మనిషి, ముందురోజు ఫోన్లో, "నువ్వొచ్చాకే వెళ్తానే, భయమేస్తోంది" అంది. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

పది గంటలకు రైలు వంతెన దగ్గరికి చేరాం. దాని కిందనుంచి పోతే ఆసుపత్రి ఇరవై నిమిషాలు. మిషన్ మాత్రం "వెనక్కి తిరగండి" అని ఒకటే పాట. ఊరు చుట్టూ తిప్పి పదకొండున్నరకు చేరుస్తానంది. పక్కకు ఆపి, మిషన్ ఆర్పి వెలిగించాం, వైరు పీకి మళ్లీ గుచ్చాం. అదే పాట. షాపతనికి ఫోన్ చేశాను.

"వంతెన బోర్డు మీద ఎంతుందమ్మా?"

"మూడు మీటర్ల పది."

"మీరు కొట్టిన ఎత్తు?"

తెరలో చూశాను. "మూడు ఇరవై."

"అయితే అది సరిగ్గానే చెబుతోంది. బండి నిజంగా అంత ఎత్తుందా?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన స్టీరింగ్ వైపు చూస్తున్నారు. నలభై ఏళ్ల కాపురం, నాకు అర్థమైపోయింది.

"ఏవండీ, వదులు పెట్టారా?"

"కాస్త... పావు మీటరు. బిగుతైతే మళ్లీ విప్పి కుట్టలేం కదా."

"బండికి వదులేంటండీ! ఉతికితే కుంచించుకుపోతుందా?"

ఫోన్లో షాపతను పడీ పడీ నవ్వుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన తన మీటరున్నర కుట్టుపని టేపు తీసి, కర్ర నిలబెట్టి, నేలనుంచి పైన ఏసీ పెట్టె కొస దాకా కొలిచారు. రెండు టేపుల పొడవుకు అయిదు సెంటీమీటర్లు తక్కువ. నేనూ కొలిచాను, ఈసారి ఎవరినీ నమ్మదలచుకోలేదు. రెండు తొంభై అయిదే!

ఆ అంకె కొట్టగానే మిషన్ బుద్ధిగా వంతెన దారి చూపించింది. అయినా నా గుండె కుదుటపడలేదు. దిగి ముందు నిలబడి, చెయ్యి ఊపుతూ రమ్మన్నాను. బండి నత్తలా కదిలింది. ఏసీ పెట్టెకూ వంతెనకూ మధ్య జానెడు కంటే కాస్త తక్కువ సందు, తాకకుండా అవతలికి వచ్చేసింది. నెత్తిన పాలు పోసినట్టయింది. ఇంతకుముందు తిట్టిన మనిషి చెయ్యే నడిరోడ్డు మీద పట్టుకున్నాను.

"ఇంకెప్పుడూ వదులు పెట్టను" అన్నారాయన.

"నా జాకెట్లకు పెట్టండి చాలు."

ఆసుపత్రి వరండాలో అక్కను మంచం మీద తోసుకొస్తున్నారు. నర్సు ఆపరేషన్ గది తలుపు దగ్గరే ఆగి, విసుగ్గా గడియారం చూసుకుంటోంది. నేను పరుగెత్తుకెళ్లి చెయ్యి పట్టుకున్నాను. అక్క వేళ్లు మంచులా చల్లగా ఉన్నాయి. నా ముఖం కాసేపు చూసి, నా చేతిని ఒకసారి గట్టిగా నొక్కి, తనే వదిలేసింది.

"మా చెల్లెలు వచ్చేసిందమ్మా" అంది నర్సుతో. "ఇక పదండి."