ఒక కుర్చీ తక్కువ

ఆయమ్మ కుర్చీలు గుండ్రంగా వేస్తోంది. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటే ఒక పట్టాన ఊడిరావు, కాలితో తొక్కిపట్టి లాగాలి. నడుం పట్టేసినా ఆ పని ఇంకొకరికి ఇవ్వదు. ఈ కౌన్సెలింగ్ సెంటర్లో ఇది నాది అని చెప్పుకోవడానికి ఆమెకున్నది ఆ గుండ్రటి వరసే.

ఫోన్‌కు అతుక్కుపోయిన పిల్లలు వారానికోసారి వచ్చి, తలుపు దగ్గరి గుడ్డసంచిలో ఫోన్లు పడేసి, ఆ వరసలో కూర్చుని మాట్లాడుకుంటారు. కౌన్సెలర్ మేడమ్ పద్ధతి ప్రకారం ఒక కుర్చీ ఎక్కువ వేయాలి. దాంట్లో ఎవరూ కూర్చోరు. మొహం మీద చెప్పలేని మాట ఎవరితో ఉంటే, వాళ్లే ఆ కుర్చీలో ఉన్నారనుకుని పిల్లలు చెప్పుకోవాలి.

ఆ పిల్లల్లో ఆయమ్మ కూతురూ ఉంది. తొమ్మిదో తరగతి. పాఠాల కోసమని కొన్న ఫోన్, ఇంట్లో ఉన్నది అదొక్కటే, పిల్లను మింగేసింది. తిట్టి, బతిమాలి, చివరికి ఆయమ్మే మేడమ్ కాళ్లావేళ్లా పడి చేర్పించింది. పిల్ల బాగుపడింది. బాగుపడిందనే ఆయమ్మ కడుపుమంట. తను నోరు నొప్పెట్టేలా చెప్పినా వినని పిల్ల, ఇప్పుడు నోరు తెరిస్తే మేడమ్. మేడమ్ ఇలా అంది, మేడమ్ అలా నవ్వింది. పాపిట కూడా మేడమ్‌లాగే పక్కకు తీస్తోంది.

ఇవాళ ఆఖరి రోజు. సాయంత్రం పిల్ల హాస్టల్‌కు వెళ్లిపోతుంది. అక్కడ ఫోన్లు ఉంచుకోనివ్వరు. ఆదివారం ఒక్కసారి, ఒక్క నంబరుకు మాట్లాడనిస్తారు. పిల్ల తన ఫోన్ నంబరే రాయించింది. అంటే ఆ ఫోన్ ఎవరి దగ్గరుంటే వాళ్లకే ఆ గొంతు.

"ఫోన్ ఎవరికిచ్చి పోతావే?" అని పొద్దున తల దువ్వుతూ అడిగింది.

"ఇంకా అనుకోలేదమ్మా."

అనుకోవడానికేముంది, మేడమ్‌కే. ఆ సంగతి మింగలేక కక్కలేక తిరుగుతోంది ఆయమ్మ. ఆ ఉడుకుమోత్తనంలోనే ఇవాళ ఎక్కువ కుర్చీ వేయలేదు. మిగిలినవాటిని స్టోర్లో పెట్టి తాళం వేసేసింది. కుర్చీతో కబుర్లట! కన్నతల్లి కుర్చీపాటి చెయ్యదా?

పిల్లలంతా వచ్చి కూర్చున్న కాసేపటికి కూతురు గదిలోంచి బయటకొచ్చింది.

"అమ్మా, ఒక కుర్చీ తక్కువైంది."

"ఎవరు కూర్చుంటారే దాంట్లో? తాళంచెవి ఎక్కడ పెట్టానో గుర్తులేదు."

తల్లి మెడలో వేలాడుతున్న తాళంచెవిని పిల్ల చూసింది. వరండాలో ఆయమ్మ కూర్చునే కుర్చీని, విరిగిన చేతికి గుడ్డపేలిక చుట్టినదాన్ని, ఎత్తుకుని లోపలికి పోయింది. తలుపు మాత్రం వేయలేదు.

తలుపు దగ్గర ఎవరూ నిలబడకూడదని సెంటర్లో కట్టడి. ఆయమ్మ తుడిచిన నేలనే మళ్లీ తుడుస్తూ నిలబడింది.

"అమ్మా," అంటోంది కూతురు, ఆ కుర్చీతో. "పెట్టెయ్ పెట్టెయ్ అని రోజూ అరిచేదానివి. పెట్టేసేదాన్ని. పెట్టేసి ఇటు తిరిగేసరికి నువ్వు నిద్రపోయుండేదానివి. మళ్లీ తీసేదాన్ని."

ఆయమ్మ చేతిలోని తడిగుడ్డ కారుతూనే ఉంది. రెండు చోట్ల పనిచేసొచ్చిన ఒళ్లు పడుకోక ఏం చేస్తుందే, అని మనసులోనే పోట్లాడింది. సగం పోట్లాటలో ఏడుపొచ్చింది. అయినా కుళ్లు తగ్గలేదు. తనకు చెప్పాల్సిన మాట పోయి పోయి తన విరిగిన కుర్చీకి దక్కింది.

హాస్టల్ వ్యాన్ గేటు దగ్గర హారన్ కొట్టింది. పిల్ల మేడమ్‌ను వాటేసుకుని చెవిలో ఏదో చెప్పింది. మేడమ్ తలూపింది. ఇచ్చేసింది, అయిపోయింది, అనుకుంది ఆయమ్మ. తన వంతు వచ్చేసరికి అడగాలనుకున్నవన్నీ ఎటో పోయాయి.

"స్వెటర్ పెట్టుకున్నావా?" అంది.

"పెట్టుకున్నా." పిల్ల వ్యాన్ ఎక్కి కిటికీలోంచి తల బయటపెట్టింది. "అమ్మా, నీ కుర్చీ లోపలే ఉంది. తెచ్చుకో."

పోతూ పోతూ కుర్చీ గురించా! ఆ ఉక్రోషంలో చెయ్యూపడం కూడా మర్చిపోయింది. వ్యాన్ మలుపు తిరిగిపోయింది.

"మీరు వెళ్లేదాకా ఆ గదిలోకి ఎవర్నీ పోనివ్వొద్దంది ఆయమ్మా. నన్ను కూడా," అంది మేడమ్, కాస్త చిన్నబుచ్చుకున్నట్టే.

ఆయమ్మ చీపురు పట్టుకుని లోపలికి వెళ్లింది. గుండ్రంగా కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. విరిగిన చేతి కుర్చీలో, తీగ పొందిగ్గా చుట్టిన ఛార్జర్ పక్కన, ఫోన్ ఉంది.